గ్రుడ్డు డొల్లపై శిల్పము

కోడిగ్రుడ్డు డొల్లపై లతలను, పక్షులను, గవాక్షముల జాలకములను చెక్కు విద్య యొకటి లోకమున కలదు. మన కృష్ణాతీరమున నిది తాతతండ్రులనుండి వచ్చిన పని కాదు. మనకు కొండపల్లి కొయ్యబొమ్మ లున్నవి, ముగ్గు లున్నవి, మట్టి వినాయకు డున్నాడు. డొల్ల శిల్పము మాత్రము క్రొత్త. దీనిని చూచినవారు సాధారణముగా రెండు మాటలలో నొకటి పలుకుదురు. "ఆహా, యెంత నేర్పు!" అనునది యొకటి. "వ్రేలు తగిలిన చిట్లిపోవుదానికి ఇంత శ్రమ యేల?" అనునది రెండవది. మొదటిదానిలో ఆలోచన తక్కువ. రెండవది నీతికి సంబంధించిన ప్రశ్న గనుక దానినే మేమిచట విచారింపదలచితిమి.

పని యెట్టిదో ముందు తెలియవలెను. గ్రుడ్డు రెండు కొనలను సూదితో పొడిచి, ఒకవైపునుండి ఊది, లోని సొనను గిన్నెలోనికి దింపుదురు. ఆ సొన వంటకు పోవును గనుక అన్నము నేలపాలు చేసిరన్న నింద వీరికి చెల్లదు. డొల్లను కడిగి, ఆరబెట్టి, పెన్సిలుతో రేఖలు గీసి, దంతవైద్యుడు వాడునటువంటి అతివేగముగా తిరుగు సన్నని బరమాతో కోయుదురు. ఉలిదెబ్బ దీని కక్కరకు రాదు. రాపిడితోనే దారి చేసికొనవలెను. కోడిగ్రుడ్డు పెంకు మందము మిల్లీమీటరులో మూడవవంతు. బరువు 5, 6 గ్రాములు. అందులో గాలి యాడుటకు కంటికి కనబడని రంధ్రములను ప్రకృతియే వేలకొలది యుంచినది. లేచు ధూళి ఊపిరితిత్తులకు చెరుపు గనుక ముక్కునకు గుడ్డ కట్టుకొనక కూర్చుండరాదు. నిప్పుకోడి పెంకు సుమారు రెండు మిల్లీమీటర్లుండుటచే చేయి కొంత ధైర్యముగా సాగును. ఈము పెంకు పైని ముదురాకుపచ్చ, దాని క్రింద లేత నీలిపచ్చ, అడుగున తెలుపు. లోతునుబట్టి రంగు మారును. ఆస్ట్రేలియా ఆదివాసులు పందొమ్మిదవ శతాబ్దినుండి దానిపై జంతువులను, మనుష్యులను చెక్కుచున్నారు.

ఇది తీరిక దొరకినవారి నేటి వేడుక యనుకొనుట సరికాదు. దక్షిణాఫ్రికాలోని డీప్‌క్లూఫ్ గుహలో సుమారు 60,000 ఏండ్లనాటి నిప్పుకోడి పెంకు తునకలు దొరకినవి. వానిపై అడ్డగీతలు, నిలువుగీతలు వరుసలు తీర్చి చెక్కియున్నవి. అవి నీరు నింపుకొను పాత్రలని పండితులు నిర్ణయించిరి. దాహమునకు నీరు మోయు మనుష్యుడు, పగులునని యెరిగియే, పాత్రపై గీత గీసినాడు. గీత నీటిని పెంచదు, పాత్రను గట్టిపరచదు. అయినను గీసినాడు! మన దేశమున నీ పక్షి యుండెనా యని చదువరులు సందేహింతురేమో. ప్రకాశం మండలమున సుమారు 41,000 ఏండ్లనాటి నిప్పుకోడి గూడొకటి బయటపడినట్లు 2024లో ప్రకటింపబడినది. అందలి పెంకు తునకలు చెక్కినవి కావు గాని, సుమారు 3,500 తునకలను శాస్త్రజ్ఞులు ఏరి లెక్కపెట్టి భద్రపరచిరి.

ఇక ప్రశ్నకు వత్తము. నిలువని వస్తువునకు శ్రమ యేల యని యడుగు పురుషుడు తన వాకిటనే ప్రతిదినము తెల్లవారుజామున వేయబడు ముగ్గును గూర్చి ఆ ప్రశ్న నేనాడును అడుగలేదు. మధ్యాహ్నమునకు దానిపై చెప్పులు నడచును. వంట పూటలోనే మాయమగును. ఆ శ్రమ స్త్రీలది గనుక శ్రమగానే లెక్కకు రాలేదు. డొల్లపై పురుషుడు మూడు వారములు కూర్చుండిన మాత్రము కాలహరణమన్న మాట మనకు తోచినది. నిలువని పని వ్యర్థమైనచో, మన గృహజీవనమున ముప్పాతిక వంతు వ్యర్థమే.

నిలుచు పని యేదో చూతము. విజయవాడకు ఎగువను, కృష్ణ యొడ్డున, అమరావతిలో రెండువేల యేండ్లనాటి స్తూపమునకు పలనాటి సున్నపురాతి పలకలు తొడిగి, వానిపై బుద్ధుని చరిత్రమును చెక్కిరి. రాతికన్న గట్టిది లేదని యా శిల్పులు నమ్మియుందురు. పదునెనిమిదవ శతాబ్ది చివరను వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు క్రొత్త పట్టణము కట్టించుచుండగా ఆ దిబ్బ తవ్వబడినది. ఇటుకలును పలకలును కట్టడములకు పోయినవి. పలకలు కొన్ని బట్టీలలో కాలి సున్నమైనవి. ఏ పద్మము ఏ గోడకు పూతయైనదో యెవ్వరు చెప్పగలరు? మెకంజీ దొర 1816 మొదలు చిత్రములు వ్రాయించుట చేత కొన్నిటి రూపమైనను మిగిలినది. 1845లో ఎలియట్ దొర తవ్వించిన పలకలు మద్రాసు చేరినవి. 1859లో వానిలో పెక్కు లండనునకు పోయినవి. రసాయనశాస్త్రము తెలిసినవారి కిం దొక విచిత్రము తోచును. ఆ సున్నపురాయియు, ఈ కోడిగ్రుడ్డు పెంకును, ముఖ్యాంశమున నొకే పదార్థము, కాల్షియము కార్బనేటు. ఒకటి అడుగు మందము గలది, మరియొకటి వెండ్రుకవాసికి కొంచె మెక్కువ. మందముగల దానిని కాపాడవలెనన్న తలంపు చుట్టుపట్ల లేకపోయెను. అది బట్టీలో కాలినది. 60,000 ఏండ్ల పెంకు తునక నేడు పెట్టెలో దూదిపై నున్నది. మన్నిక వస్తువులో కొంత, దానిని పట్టుకొను చేతిలో పెక్కు.

అయితే ఈ చేతిని గూర్చి మరియొక మాట కలదు; అదియే మాకు ముఖ్యము. ఆదరము లేనిచో పలక సున్నమగును. ఆదరము ముదిరిన నేమగును? మే మెరిగిన యొక గృహమున స్నేహితుడిచ్చిన డొల్ల శిల్పము అద్దాల బీరువాలో నుండెను. పనిమనిషికి సాయము వచ్చిన ఆమె కూతురు, తొమ్మిదేండ్ల పిల్ల, దుమ్ము తుడుచుచు దానిని జారవిడిచినది. ఇల్లాలు చదువుకొన్నది, పిల్లల పుస్తకములకు చందా కట్టునది. ఆమెయే ఆ పిల్ల చెంప పగులగొట్టి, తల్లి జీతములో నూరు రూపాయలు తగ్గించినది. "దాని విలువ నీకేమి తెలియునే!" అన్న మాట వీధికి వినబడినది. ఆ పిల్ల ఆ బీరువా తలుపు తీసినది తనంతట గాదు. తుడువుమని చెప్పినందున తీసినది.

శిల్పి యట నుండిన నేమనియుండును? ఈ పని చేయువారు ఒకటి పూర్తియగులోపల ఎన్నిటినో విరుగగొట్టుకొన్నవారే. మూడు వారముల పని చివరి రేఖలో చిట్లినపుడు వారెవరిని కొట్టుదురు? ప్రొద్దున మరియొక గ్రుడ్డును సూదితో పొడుతురు. పెంకు పగులు స్వభావము గలదని వారికి తెలియును. అసలది పగులుటకే పుట్టినది. పగులనిచో లోపలి పిల్ల చచ్చును. పక్షిని సంస్కృతమున ద్విజమనుటలో నీ యర్థమే యున్నది. రెండవ జన్మకు మొదటి యిల్లు చిట్లవలెను. ఒక్కటియు విరుగగొట్టుకొనని మనుష్యునికే విరిగినపుడు కోప మెక్కువ. కొన్నవాడు డబ్బుతో వస్తువును మాత్రమే కొనుచున్నాడు. ఆ చేతి యోర్పు దానితో రాదు. అపాయమును శిల్పి తన వ్రేళ్లపై పెట్టుకొనును. మనము దానిని పిల్లలపై, పనివారిపై పెట్టి నిశ్చింతగా కూర్చుందుము.

పత్రికలు నీ దోషమునకు కొంత తోడ్పడుచున్నవి. ఒక గ్రుడ్డున కెన్ని వేల తూట్లు, బియ్యపుగింజపై నెన్ని అక్షరములు, పెన్సిలు మొనపై నే నాయకుడు అని లెక్కలు వ్రాసి, రికార్డు పుస్తకముల పేర్లు చెప్పి యూరకుందురు. తూట్లు లెక్కించుట పంచదార దుకాణములో చీమలను లెక్కించుట వంటిది. ఆ జాలకము నుండి వెలుతురు ఎట్లు పడుచున్నదో ఒక్క పంక్తియు వ్రాయరు. అరుదనియు, కష్టమనియు చెప్పగా చెప్పగా, కొన్నవానికి అది నిధియగును. తుడుచు పిల్ల దొంగయగును.

కొండపల్లి వారి బొమ్మ యేనుగునకు తొండ మూడినచో, చింతగింజల జిగురును రంపపు పొట్టును కలిపిన మక్కుతో నతికి మరల రంగు వేయుదురు. డొల్లకు అట్టి చికిత్స లేదు. కాని విరిగినదానికి ఉపయోగము లేదనుకొనరాదు. వియత్నాము దేశపు లక్క చిత్రకారులు, లక్కలో మంచి తెలుపు దొరకనందున, పగిలిన గ్రుడ్డుపెంకులనే పలకపై పేర్చి, బాతులను, నదీతీరముల యిసుకను, స్త్రీల ముఖములను తీర్చుచున్నారు. చిట్లిన గీతలను వారు దాచరు; అందే చర్మపు కాంతి పుట్టును. మా పాఠశాలలో మధ్యాహ్న భోజనమున బాలబాలికలకు ఉడికించిన గ్రుడ్డు పెట్టుచున్నారు. ఒలిచిన పెంకులు ఇంతవరకు చెత్తబుట్టకు పోయెడివి. గత మాసమునుండి ఆరవ తరగతివారు వానిని కడిగి, ఎండబెట్టి, నల్లరంగు పూసిన అట్టలపై బంకతో అతికించుచున్నారు. మొదటి అట్టపై వచ్చినది ప్రకాశం ఆనకట్టయట. మాకు మాత్రము దువ్వెనవలె కనబడినది.