బుస కొట్టే పామును ఏం చేద్దాం?

పాములాడించేవాళ్ల బుట్టలోంచి అటవీ సిబ్బంది విడిపించిన నాగుపాము, మనిషి నీడ పడితే చాలు పడగ విప్పుతుంది. దాన్ని మనం పగ అంటాం. కోరలు పీకి, నోరు కుట్టి, ఆకలితో ఆడించాక దానికి మనిషంటే భయం తప్ప ఏముంటుంది? ఆడించినవాళ్లదీ పొట్టకూటి బాధే. అయినా నొప్పి పాముదే.

మచ్చిక చేసుకుంటే శాంతిస్తుందా? మచ్చిక మనకు కావాలి. దానికి కావలసింది చీకటి, నీళ్లు, చప్పుడు లేని చోటు, ముట్టుకోని చేతులు. పాలు కాదు. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారి ఇంకా బెదురుతుంది, అప్పుడు అసలే కదపకూడదు. కోరలు మళ్లీ మొలుస్తాయి. గాయం మానాక పుట్టలూ పొదలూ ఉన్న చోట వదలాలి. విషగ్రంథులు కోసేసినదైతే వేటాడలేదు, దాన్ని జూలో సాకాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును ఇంట్లో పెంచుకోకూడదు.

తమిళనాడులో ఇరుల ఆదివాసులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముకాటు మందు కోసం విషం తీసి, కొన్ని వారాలకు పాములను మళ్లీ అడవిలో వదులుతారు. పాములు పట్టే విద్యలో వదలడం కూడా ఒక భాగమే.

ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన పిల్లవాడు ఎవరినీ దగ్గరికి రానివ్వకపోతే, మొండి అనే ముందు వాడు దేనికి భయపడుతున్నాడో మనం కనుక్కుందాం.