ఏది రథము?

ఆక్స్‌ఫర్డు నగరమున మోరిస్ గరాజెస్ అను సంస్థనుండి పుట్టి, ఎం.జి. అను పేర ప్రసిద్ధినొందిన చిన్న వేగపు కార్లకు ఆంగ్లదేశమున నేటికిని అభిమానులు పెక్కండ్రు కలరు. వారి సంఘము 1930లో ఏర్పడి, ప్రాంతీయ శాఖలుగా విస్తరించినది. ఆబింగ్డను పట్టణమునందలి కర్మాగారము 1980లో మూతపడెను. సంఘము మాత్రము నిలిచినది.

ఎం.జి.బి. అను కారు 1962 మొదలు 1980 వఱకు తయారైనది. తుప్పుపట్టిన దాని దేహమునకు మాఱుగా, పాత అచ్చులతో క్రొత్త దేహమును చేసి యిచ్చుట 1988లో ఆరంభమైనది. యంత్రమును మార్చి, చక్రములను మార్చి, తుదకు దేహమును గూడ మార్చిన పిమ్మట అది తొల్లింటి కారే యగునా?

మిళిందునితో నాగసేనుడు చేసిన విచారము ఇట్టిదే కదా! చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు. వాని కూడికకు మనమిడిన పేరే రథము. అట్లయిన ఈ సంఘీయులు కాపాడుచున్నది వట్టి పేరేనా?

కాదని మేమందుము. వారు కాపాడుచున్నది ఇనుము కాదు, విద్య. జంట కార్బ్యురేటర్లను సమపఱచు నేర్పు పెద్దల చేతినుండి పిన్నల చేతికి దిగినంతకాలము ఆ కారు బ్రదికియుండును. బండిని కొట్టమున దాచి మెఱుగుపెట్టుచు, తన నేర్పును ఎవరికిని చెప్పనివాడు ఇనుమునకు యజమానుడే కాని రథమునకు కాడు.

మన యిండ్లలోని ఆచారములకును ఇదియే కొలత. అంగములను మార్చుటకు వెఱవనక్కఱలేదు. ఎఱిగినదానిని పంచకుండుటకే వెఱవవలెను.