సరంగు పరీక్ష

కోనసీమలో ఒక లంక మండలం. వానలు రాకముందే వరద కంట్రోల్ రూమ్‌కు వాకీటాకీ బ్యాటరీలు కొనాలి. బల్ల మీద రెండు రకాలు పెట్టారు. ఒకదాని మీద 3,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలు, ధర సగం. రెండోదాని మీద 2,000 అనే ఉంది గానీ, తయారైన నెల, సంవత్సరం కూడా అచ్చేశారు. గుమస్తా మొదటిదాని మీద వేలు పెట్టాడు. అంకె పెద్దది, ఖర్చు చిన్నది, ఆడిట్‌కి ఇంకేం కావాలి?

మరపడవ అద్దె బిల్లు కోసం వచ్చిన ముసలి సరంగు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు.

“ఆయ్, మోకు కొనేటప్పుడు మేం బారలు లెక్కెట్టవండి. మూడ్రోజులు నీళ్లలో నానబెట్టి లాగి చూస్తావండి. వీటినో రాత్రి నాకిచ్చి చూడండి.”

తాసిల్దారుకు సరదా వేసి ఇచ్చాడు. సాయంత్రం ఆరింటికి రెండు సెట్లూ పడవలో పెట్టారు. నిమిషానికి మూడు సెకన్లు మాట్లాడటం, మూడు సెకన్లు వినడం, మిగతాదంతా ఊరుకోవడం. వైర్‌లెస్ వాళ్లు బ్యాటరీ గంటలు లెక్కకట్టేదీ ఇలాగే: నూటికి ఐదు పాళ్లు పంపడం, ఐదు పాళ్లు అందుకోవడం, తొంభై పాళ్లు కాచుకుని ఉండటం. అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగేది ఆ మొదటి ఐదు పాళ్లే. ఐదు వాట్ల సెట్టు బొత్తాం నొక్కితే ఆంపియరున్నర దాకా లాగేస్తుంది. అర్ధరాత్రి దాటగానే మూడు వేల బ్యాటరీ కీచుమని ఆగిపోయింది. రెండు వేలది తెల్లారేదాకా పలికింది. దాన్నే కొన్నారు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. రెండేళ్లకు ఎగువన భద్రాచలంలో గోదావరి నీటిమట్టం 53 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక. బీరువా తాళం తీసి బ్యాటరీలు పంచారు. రాత్రి పదింటికల్లా ఒక్కొక్కటే మూగబోయాయి.

“నువ్వు మెచ్చినవే కదా తాతా!” అన్నాడు గుమస్తా.

“మెచ్చానండి. మరి ఈ రెండేళ్లూ వీటినెవరు చూశారండి?”

ఎవరూ చూడలేదు. రేకుల గదిలో, నిండా చార్జి చేసి, భద్రంగా తాళం వేసి ఉంచారు.

నీతి: బ్యాటరీని ఎంచుకోవడమంటే, దాన్ని చూసుకునే మనిషినీ అప్పుడే ఎంచుకోవడం.

బ్యాటరీ రకాల సంగతికొస్తే, లిథియం అయాన్ తేలిక, ఊరికే ఉంచినా చార్జి పెద్దగా పోదు. కానీ నిండుగా నింపి నలభై డిగ్రీల వేడిలో ఏడాది ఉంచితే సత్తువలో మూడో వంతు దాకా పోవచ్చు. సగం చార్జితో చల్లని చోట దాచి, జూన్‌లో బయటికి తీసి నింపి, సరంగులాగా ఒక రాత్రి నడిపించి చూడాలి. కొత్తదాని బలంలో ఎనభై శాతం ఇవ్వనిదాన్ని పక్కన పెట్టాలి. నికెల్ మెటల్ హైడ్రైడ్‌కు మామూలు రకమైతే మరో తంటా: నింపి వదిలేస్తే నెల తిరక్కుండానే చార్జి బాగా కారిపోతుంది. పాత నికెల్ కాడ్మియం బరువు, అందులోని కాడ్మియం విషం, అయినా నిర్లక్ష్యాన్ని ఓర్చుకోవడంలో దానిదే పైచేయి. చూసే దిక్కులేని ఆఫీసుకు ఖరీదైన లిథియం కంటే అదే నయమని నా అభిప్రాయం. ఇంజనీర్లు ఒప్పుకోకపోవచ్చు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జులైలో పాతిక లక్షలు దాటింది. అలాంటి వరదలో లంకకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, చార్జర్లు ఎన్నుండి ఏం లాభం? అందుకే కొనే జాబితాలో పెన్సిల్ సెల్స్ పట్టే ఖాళీ డబ్బా కూడా ఉండాలి. కొన్ని సెట్లకు అది విడిగా దొరుకుతుంది. అందులో ఆల్కలైన్ సెల్స్ వేసి, సెట్టును తక్కువ పవర్‌లో పెట్టాలి. కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్స్ వేస్తే బొత్తాం నొక్కిన నాలుగు మాటలకే నీరసపడతాయి.