దినార్జన - దైవార్పణ

గృహస్థుడు ధనము నార్జింపవలెనా, వలదా యను సందేహము మన శాస్త్రములలో లేదు. ఆర్జింపవలసినదే. ఇతరాశ్రమముల వారికి అన్నము పెట్టువాడు గృహస్థుడే గదా! సందేహమెల్ల "ఎంత?" అనుటలోనే కలదు. జీతగాండ్రకు ఈ ప్రశ్న నెలకొకసారి వచ్చును. చేతిపనితో పరులకు సేవచేసి జీవించువారికి ప్రతి ఉదయము, అంగడి తలుపు తెరచుచుండగనే ఎదురగును.

నంద్యాలలోగాని, అహోబల యాత్రికులు దిగు ఆళ్ళగడ్డలోగాని క్షౌరశాల నడుపు నొక గృహస్థుని తలంచుకొందము. ఇంటి వ్యయము, అంగడి అద్దె, కరెంటు, బ్లేడులు, సబ్బు, సహాయకుని కూలి కలిసి నెలకు 26,000 రూపాయలు కావలెననుకొందము. మంగళవారములు మూయుట వాడుక గనుక పనిదినములు 26. కావున దినమునకు 1,000 రూపాయలు. మనిషికి 100 చొప్పున పదిమంది రావలెను. ఇట్టి లెక్క వేసికొనుట లోభము కాదు. అప్పుచేసి తీర్పలేక తలవంచుకొనుట కంటె, ముందుగా తన అవసరమును తెలిసికొనుట ధర్మమునకు దగ్గర.

ఐతే ఈ దినసంఖ్యలో నొక చిక్కు కలదు. ఆదివారము అంగడి నిండును. శనివారమునాడు, ఏకాదశినాడు, అమావాస్యనాడు క్షౌరము కూడదనువారు అనేకులు. పెండ్లి ముహూర్తములున్న మాసము వేరు, ఆషాఢము వేరు. అహోబలేశుని పారువేట కనుమనాడు మొదలై నలువది దినములకు పైగా పల్లెలు తిరుగును. పిమ్మట ఫాల్గుణ బ్రహ్మోత్సవములు. ఆ దినముల రాకపోకలు వేరు, తక్కిన దినములవి వేరు. పంచాంగము ఇన్ని విధములుగా నుండగా సంఖ్య మాత్రము ప్రతిదినము వేయియే! రాత్రి ఎనిమిది గంటలకు గల్లాపెట్టెలో 800 మాత్రమే యున్నవనుకొనుడు. అప్పుడొక ముదుసలి యాత్రికుడు గడ్డము గీయించుకొనుటకై వచ్చి కూర్చుండెను. ఆయన కోరని తైలమర్దనమో, మరియొకటియో అంటగట్టి ఆ 200 రాబట్టవలెనను తలంపు పుట్టినచో, ఆ క్షణముననే సేవ అపహరణమైనది. ఉదయము నుండి రానివారి లోటును చివర వచ్చినవాడు తీర్చవలెనా? ఆయన చేసిన అపరాధమేమి?

ఈ చిక్కు మన సీమకే పరిమితమైనది కాదు. న్యూయార్కు నగరపు టాక్సీ చోదకుల దినపత్రికలను పరిశీలించి కామెరర్, బాబ్‌కాక్, లోవెన్‌స్టైన్, థేలర్ అను నలుగురు శాస్త్రజ్ఞులు 1997లో నొక వ్యాసము ప్రకటించిరి. పలువురు చోదకులు దినమునకింత యని మనసులో సంఖ్య పెట్టుకొనుటచే, బేరములు దండిగా నున్ననాడు త్వరగా ఇల్లు చేరుచు, లేనినాడు గంటలకొలది తిరుగుచున్నారని వారి అభిప్రాయము. తరువాత ఫార్బర్ వంటి పండితులు దీనితో విభేదించిరి. వాదమెట్లున్నను, మనకు హెచ్చరిక యున్నది. ఉత్సవమునాడు పదిమందితో చాలించి తలుపు వేసినచో పదునొకండవ యాత్రికుడు బయట నిలువవలెను. శూన్యమైననాడు అర్ధరాత్రి దాక కూర్చున్నచో సంధ్యాదీపమునకును, బిడ్డలకును దూరము కావలెను.

"దినమునకింత" యను మాట మన ఆచార్యులకును తెలియును. శ్రీవేదాంతదేశికులు ఉంఛవృత్తితో జీవించిరి. ఆ వృత్తిలో ఆనాటి తిండికి చాలినంతయే గ్రహింపవలెను. భేద మొక్కటే. మన సంఖ్య "ఇంతకు తగ్గరాదు" అనును. వారి సంఖ్య "ఇంతకు మించరాదు" అనును. ప్రహ్లాదచరిత్రము గల భాగవత సప్తమస్కంధముననే నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము బోధించుచు, ఆకలి తీరుటకు చాలినంతమేరకే దేహికి స్వత్వము కలదనియు, అంతకు మించి తనదనుకొనువాడు చోరుడనియు చెప్పెను.

అట్లయిన రాబడి యెక్కువైననాడు అంగడి మూయవలెనా? కాదు. మితి చెప్పబడినది స్వత్వమునకు; సేవకు కాదు. సేవకు మితి వేళ. ఉదయ మిన్ని గంటలకు తెరచి, రాత్రి యిన్ని గంటలకు మూయుదునని నియమము పెట్టుకొనవలెను. స్వత్వమునకు మితి అవసరము. దానిని దినముతో గాక సంవత్సరముతో కొలువవలెను. బ్రహ్మోత్సవముల మిగులు ఆషాఢపు లోటును పూడ్చును. అప్పుడు చివర వచ్చిన ముదుసలి, లోటు తీర్చు సాధనముగా గాక అతిథిగా కనబడును.

మిగిలిన ధనమునకును మార్గము కలదు. అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలితో, ధర్మము, కీర్తి, అర్థాభివృద్ధి, భోగము, స్వజనము అను ఐదింటికై ధనమును విభజింపవలెనని చెప్పెను. ఆ సందర్భమున దానము వలదన్న ఆయన మాటను బలి పాటింపకున్నను, ఆ విభాగము గృహస్థులకు ఉపకారకమే. పనిముట్లకొక భాగము, బంధువులకొక భాగము తీసియుంచువానికి మందకొడి దినములు భయము గొలుపవు.

భగవద్రామానుజులు గీతాభాష్యమున త్యాగము మూడు విధములని వివరించిరి: ఫలము నాదనుట విడుచుట, కర్మ నాదనుట విడుచుట, కర్తను నేననుట విడుచుట. కత్తెర పట్టినవానికిని ఇది వర్తించును. తలుపు తెరచుట మన పని; ఎందరు వత్తురనునది మన చేతిలో లేదు. లెక్క వ్రాయుడు, కాని ఆ లెక్కను ఎదుట కూర్చున్నవాని తలపై వ్రాయకుడు.

స్తంభమున వెలసి బాలుని బ్రోచిన ప్రహ్లాదవరదుడు, చేతిపనినే నమ్ముకొన్న ఇండ్లకు అన్నమునకు లోటు లేకుండను, మనస్సున తృప్తికి లోటు లేకుండను అనుగ్రహించుగాక!