భక్తులు లేని చందనోత్సవం

2020 మార్చి 25, ఉగాది రోజే లాక్‌డౌన్ మొదలైంది. మధురవాడలో మా రెండు గదుల ఇంట్లోనే నా ఆఫీసు, చెల్లి ఆన్‌లైన్ క్లాసులు. మా కాల్స్ మొదలయ్యేలోపు మిక్సీ పని అయిపోవాలని అమ్మ నాలుగున్నరకే లేచేది.

ఏప్రిల్ 26న పక్కనే సింహాచలంలో చందనోత్సవం. అప్పన్న నిజరూపం కనిపించేది ఏడాదికి ఆ ఒక్కరోజే కదా! ఆ ఏడు భక్తుల్ని రానివ్వలేదు. అయినా అర్చకులు చందనం ఒలిచారు, అభిషేకం చేశారు, మళ్లీ పూశారు. గీతలో చెప్పిన నియతకర్మ ఇదే అనిపించింది నాకు. చూసేవాళ్లుంటేనే చేసేది సేవ కాదు, షో.

కెమెరా ఆపేసి క్లాసు వింటున్న చెల్లికి ఇదే చెప్పా.

"మరి అమ్మకెవరు చెప్పారన్నయ్యా?" అంది.

మర్నాటి నుంచి చట్నీ డ్యూటీ మా ఇద్దరిదీ.