పూచీ వహించు కరుణ

రోగి నుదుటిపై చేయి వేయక, గాయమునకు కట్టు కట్టక, బల్లముందు కూర్చుండి దరఖాస్తులు నింపుచు, బీమా కార్యాలయముతో టెలిఫోనులో వాదించుచు, ఒక వృద్ధుని క్షేమముగా ఇంటికి చేర్చు ఏర్పాటులలో దినమంతయు గడపు నర్సు చేయునది సేవయే యగునా? కరుణకు స్పర్శ తప్పదని నమ్మిన మనకు ఈ సంశయము సహజము.

చరకుడు చికిత్సకు వైద్యుడు, ఔషధము, ఉపస్థాత (పరిచారకుడు), రోగి యని నాలుగు పాదములను నిరూపించి, అందు ఉపస్థాతకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము అను నాలుగు గుణములను విధించెను. ఆనాడు ఆ నాలుగు పాదములును ఒక్క గదిలోనే కూడెడివి కాబోలు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ నగరమున నేడవి చెల్లాచెదరై యున్నవి. 1962 నుండి ఫోక్స్‌వాగన్ కర్మాగారమునకు ఇటలీనుండి పనికై వచ్చిన యువకులలో ఆ యూరనే నిలిచినవారు ఇప్పుడు వృద్ధులైరి. వారిలో నొకరికి తుంటియెముక విరిగినదనుకొందము. శస్త్రవైద్యుడు ఎముకను సరిచేయును. ఆయన పని అంతటితో తీరును. కాని యిల్లు రెండవ అంతస్తున నున్నది, భార్య గతించినది, బిడ్డలు దూరమున నున్నారు. నడక మరల నేర్పు చికిత్స ఎచ్చట? అయిదు తరగతుల సంరక్షణ బీమాలో ఆయనకు లభించునది ఏ తరగతి? మొదటి రాత్రి మందు నందించు వారెవరు? ఈ ప్రశ్నలన్నిటికిని తలుపు తలుపు తట్టి సమాధానము రాబట్టునది కేస్ మేనేజర్ అనబడు నర్సు. ఎవ్వరును తప్పు చేయకయే, ప్రతివారును తమ పనిని నిర్దుష్టముగా నెరవేర్చియే, ఒక మనుష్యుని దిక్కులేనివానిని చేయగల వ్యవస్థలో, అతనిని సమగ్రముగా చూచుటకు ఒకరు పూచీపడి యుండుట స్పర్శకు ఏమాత్రము తీసిపోని సేవయని నా నిశ్చయము.

అయితే ఆ పూచీ ఎవరికి? ఈ నగరమునకు సమీపమున ర్యూయెన్ అను గ్రామము కలదు. 1944లో కర్మాగారమువారు నిర్బంధ శ్రామికులైన పోలిష్, సోవియట్ స్త్రీల శిశువులను తల్లులనుండి వేరుచేసి అచ్చటి బ్యారక్‌లలో నుంచిరి. సిబ్బంది యుండిరి, వైద్యుడును నియుక్తుడై యుండెను. అయినను మూడువందలకు పైగా పసికందులు మరణించిరి. ఆ వైద్యుడైన హాన్స్ కోర్బెల్‌కు 1946లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. మరుసటి యేట అది అమలయ్యెను. ఆతడు పూచీ లేనివాడు కాడు. ఆతని పూచీ కర్మాగారమునకే గాని శిశువునకు గాదు.

నేటి ఆస్పత్రులను ఆ దారుణముతో పోల్చుట అన్యాయము. ప్రశ్న మాత్రము తీరలేదు. 2004 నుండి జర్మనీ ఆస్పత్రులకు కేసొక్కింటికి నిర్ణీతమైన సొమ్ము లభించుచున్నది. మంచము త్వరగా ఖాళీయైన సాధారణముగా ఆస్పత్రికి లాభము. ఆ నర్సు జీతము నిచ్చునదియు ఆస్పత్రియే. కావున ఇంటికి పంపుట రోగి మేలుకొరకా, మంచము కొరకా యను ప్రశ్నను ఆమె ప్రతిదినము తన యంతరాత్మ నడుగవలసి యున్నది. డిశ్చార్జి ఏర్పాటులు ఆస్పత్రి విధియని శాసించిన అచ్చటి చట్టమే వానికి రోగి సమ్మతి యుండవలెనని కూడ నిర్దేశించినది. ఈ నిబంధనను నేను శిరసావహించెదను. అడుగక చేసిన మేలు ఎదుటివానిని వస్తువుగా మార్చును గదా!

మన ప్రాంతమున 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకపు ఆరోగ్యమిత్రలు పేదరోగికి ఆస్పత్రిలో దారి చూపుచున్నారు. గడప దాటిన పిమ్మట ఆ భారము కూతురిదో కోడలిదో యగుచున్నది. జీతమును, విశ్రాంతియు లేక తరతరములుగా వారే దానిని మోయుచున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్ జర్మను భాష నేర్పి నర్సులను ఆ దేశమునకు పంపుచున్న యీ కాలమున, అట్టి కూతురు అచ్చట పరుల తండ్రికి ఏర్పాటులు చేయుచుండగా, కరీంనగరులో ఆమె తండ్రి ఆస్పత్రినుండి వెలుపలికి వచ్చిన నాడు ఆయన పూచీ వహించుటకు జీతమిచ్చి ఒక నర్సును నియమించుట మన ప్రభుత్వములు ఇంకను వాయిదా వేయరాని పని.