మిస్వాక్ ఉండగా బ్రష్ ఎందుకు?

బ్రష్‌తో పళ్ళు తోముకుంటే సున్నత్ నెరవేరుతుందా అని మస్జిదుల్లో తరచూ అడుగుతుంటారు. బ్రష్ పట్టినవాణ్ణి సున్నత్ వదిలేసినవాడిగా చూసేవారు కొందరు. బ్రష్ వచ్చాక ఇంకా పుల్ల ఎందుకనేవారు మరికొందరు. ఇద్దరిదీ తొందరపాటే.

తన అనుచర సమాజానికి కష్టమవుతుందని కాకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవాణ్ణని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. రాత్రి నిద్ర లేచినప్పుడూ, ఇంట్లో అడుగు పెట్టగానే కూడా ఆయన మిస్వాక్ చేసేవారు. అంతిమ ఘడియల్లో అబ్దుర్రహ్మాన్ (ర) చేతిలోని పుల్ల వైపు చూస్తే, హజ్రత్ ఆయిషా (ర.అన్హా) దాన్ని నమిలి మెత్తన చేసి అందించారు.

మెత్తన చేసి! ఈ మాట దగ్గర కాస్త ఆగండి. ఎండి నల్లబడిన పుల్లను నెల్లాళ్ళు జేబులో మోసి, సఫ్‌లో నిలబడే ముందు ముందుపళ్ళకు రెండుసార్లు తాకించి వదిలేస్తే నోరు శుభ్రపడుతుందా? పక్కన నిలబడ్డ నమాజీని అడిగితే తెలుస్తుంది. పుల్లను నీళ్ళలో నానబెట్టాలి, కొసను కుంచెలా నమలాలి, వాడిన కొసను కత్తిరించి కొత్త కొస తీసుకోవాలి. పళ్ళ లోపలి వైపుకూ, వెనుక దవడలకూ అది చేరాలి. 2003లో 15 మంది సౌదీ యువకులపై జరిపిన పరిశీలనలో, వాడే తీరు నేర్పాక మిస్వాక్ బ్రష్ కన్నా బాగా పాచిని తొలగించింది. అయితే గట్టిగా రుద్దితే చిగుళ్ళు కిందికి జారతాయి. బ్రష్ అయినా అంతే. దంతవైద్యులు మెత్తని కుచ్చు బ్రష్‌నే వాడమని, మూడు నాలుగు నెలలకోసారి మార్చమని చెబుతారు.

పాత ఫత్వాల్లో బ్రష్ పట్ల కనిపించే సంకోచానికి ఒక కారణం పంది వెంట్రుకలు. అప్పట్లో బ్రష్‌లు ఎక్కువగా వాటితోనే తయారయ్యేవి. 1938లో నైలాన్ కుచ్చు వచ్చింది. నేడు అంగళ్ళలో దొరికేవి దాదాపు అన్నీ నైలాన్‌వే. సహజ వెంట్రుకలని రాసి ఉంటే మాత్రం అడిగి తెలుసుకుని కొనండి.

మిస్వాక్ దొరకనప్పుడు వేలితో రుద్దినా సరిపోతుందని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెప్పాయి. మరి బ్రష్‌తో శుభ్రత అనే ఉద్దేశం నెరవేరదా? నెరవేరుతుంది. పుల్ల వాడటంలోని ప్రత్యేక పుణ్యం పుల్లకే ఉంటుంది. కనుక వుజూ వేళ మిస్వాక్, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్. ఒకటి మరొకదానికి అడ్డు కాదు. మిఠాయిలు తినే పిల్లలకైతే పేస్టు తప్పనిసరి అని నా అభిప్రాయం.

కరెంటు బ్రష్ సంగతీ అడుగుతున్నారు. మూడు నెలలకు పైగా వాడితే మామూలు బ్రష్ కన్నా పాచిని 21 శాతం ఎక్కువ తగ్గించిందని 2014 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. చేయి వణికే వృద్ధులకు అది మేలు. స్తోమత లేనివారు దిగులుపడనక్కరలేదు, రెండు నిమిషాలు ఓపికగా తోమితే మామూలు బ్రష్ చాలు.

ఇక రోజా. హనఫీల ప్రకారం ఉపవాసంలో రోజంతా మిస్వాక్ చేయవచ్చు. మధ్యాహ్నం తర్వాత వద్దని షాఫయీల ప్రసిద్ధ అభిప్రాయం. పేస్టు మాత్రం పగలు మక్రూహ్, గొంతు దిగితే రోజా భంగమవుతుంది. కాబట్టి పేస్టు పని సహరీలోనే ముగించుకోండి.